తెలుపు, పసుపు కలిసినచోట

పులి కిందపడి పొర్లుతుంటే నందిగామ బజారంతా చప్పట్లు కొట్టింది.

డప్పులవాళ్ళు కూడా అదేదో కొత్త అడుగనుకుని దరువు పెంచారు. రత్తయ్య రెండు చేతులతో డొక్కలు రక్కుకుంటూ మోకాళ్ళ మీద లేచాడు. మళ్ళీ బోర్లా పడ్డాడు. వేడి మట్టిలో పొట్టని రుద్దుకుంటూ ముందుకు పాకాడు. "అబ్బ! పులంటే ఇదిరా! పేట పులి!" అని అరుగుల మీంచి కేకలు. ఎవరో ఈల వేశారు.

బసవయ్య ఒక్కడే కొయ్యబారిపోయాడు. ఆ ఒంటి మీద ప్రతి చారా గీసింది అతనే. ఆడే పులి ఒంటి మీద చారలెలా కదలాలో అతనికి తెలుసు. ఇవి కదలడం లేదు, వణుకుతున్నాయి.

"ఆపండి! డప్పులాపండయ్యా!" అంటూ జనాన్ని తోసుకుని వెళ్ళి రత్తయ్యని వెల్లకిలా తిప్పాడు. తిప్పి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. పొట్టకి రెండు పక్కలా, రంగు పెచ్చులూడిన చోట, చర్మం ఎర్రగా కమిలి తడితడిగా మెరుస్తోంది. రత్తయ్య నోరు తెరుచుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారి బుగ్గల మీది రంగులో దారులు చేసుకున్నాయి. కానీ ఆ నోట్లోంచి గుర్రుమన్న శబ్దం తప్ప మాట రాలేదు.

రాదు కూడా. రంగు పడ్డ క్షణం నుంచి పులి మనిషి మాట మాట్లాడకూడదు. సాయంత్రం అమ్మవారి గుడి ముందు రంగు కడిగాకే నోరు విప్పాలి. రత్తయ్యకి ఆట నేర్పిన గురువు పెట్టిన కట్టుబాటది. మాట జారిన పులికి ఈ జన్మలో మళ్ళీ రంగెయ్యరు.

నలుగురు కలిసి అతన్ని పొద్దున రంగులేసిన పత్తి గోడౌన్‌లోకే మోసుకెళ్ళారు. వెనకే కండువా సర్దుకుంటూ రాధాకృష్ణమూర్తి వచ్చాడు. జగ్గయ్యపేటలో బట్టల కొట్టున్న షావుకారు. ఈ పులుల్ని పందేనికి నందిగామ తీసుకొచ్చింది ఆయనే. రత్తయ్య పొట్ట చూడగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఏం పూశావయ్యా వీడికి?"

"రంగేనండి, మూర్తిగారూ."

"రంగు కాలుస్తుందా? రంగు తోలు లేపుతుందా?"

బసవయ్య మూలనున్న రంగు డొక్కుల వైపు చూశాడు.

అప్పుడే రత్తయ్య మోచేతి మీద లేచాడు. చెయ్యెత్తి గుమ్మం వైపు చూపించాడు. అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో రెండో పులి నిలబడి ఉంది. వత్సవాయి నుంచి వచ్చిన బాలస్వామి. ఈ ఏడే మొదటిసారి రంగేసుకున్న కుర్రాడు. అదే గోడౌన్‌లో, అవే డొక్కుల్లోంచి తీసిన రంగు. ఒంటి మీద చిన్న పొక్కు కూడా లేదు.

రత్తయ్య వేలు అతని మీంచి కదల్లేదు. గొంతులోంచి గుర్రుమంటూ రెండో చేత్తో గాలిలో ఏదో తుడుస్తున్నట్టు ఊపాడు.

"చూశారా? వాణ్ణే చూపిస్తున్నాడు!" అన్నాడు మూర్తి.

"నేనేం చెయ్యలేదండీ! ఏసు మీదొట్టు, నేనేం ముట్టుకోలేదు!" అన్నాడు బాలస్వామి.

వెనకనుంచి ఎవడో అన్నాడు. "రంగు మీదుండగా మాట్లాడాడ్రా!"

అంతే. డప్పులవాడొకడు బాలస్వామి చేతులు వెనక్కి విరిచాడు, ఇంకొకడు తలగుడ్డ విప్పి కట్టేశాడు. "పెద్ద పులి పడిపోతే పందెం నీదవుద్దనుకున్నావురా?" "చర్చికి పోయేవాడికి పులేషం ఎందుకని నేను ముందే అన్నా!" "పోలీస్టేషన్‌కి లాక్కెళ్ళండి!" "స్టేషనెందుకూ, ఇక్కడే తేల్చేద్దాం!"

బాలస్వామి బసవయ్య వైపు చూశాడు. "బాబాయ్, నువ్వన్నా చెప్పు."

బసవయ్యకి కుర్రాడి తల్లి లూర్దమ్మ గుర్తొచ్చింది. వత్సవాయి పొలం గట్టు మీద నిలబడి ఆమె అడిగింది ఒక్కటే మాట. "నాకున్నది ఈడొక్కడే బసవయ్యగారూ. ఎట్టా తీసుకెళ్ళారో అట్టా తీసుకొచ్చి అప్పజెప్పండి." సరేనన్నాడు. పండగ తెల్లారేసరికి నీ గడపలో ఉంటాడన్నాడు.

ఇప్పుడా కుర్రాడి చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి.

"కాసేపాగండయ్యా, నన్ను చూడనివ్వండి. తప్పు నా రంగులో ఉందేమో," అన్నాడు.

"డాక్టరుగారు పండక్కి బెజవాడెళ్ళారట," అన్నాడు మూర్తి చెమట తుడుచుకుంటూ. "వాడికేమన్నా అయితే నా మెడకే చుట్టుకుంటుంది. ఎస్సై బందోబస్తు నుంచి రాగానే వీణ్ణి అప్పగించేస్తా. ఈలోపు నువ్వేం తేలుస్తావో తేల్చుకో."

బాలస్వామిని బయటికి లాక్కెళ్ళారు.

బసవయ్య డొక్కుల ముందు కూలబడ్డాడు. కొబ్బరి చిప్పలంత రంగు గిన్నెలు నాలుగు. పసుపు, సిందూరం, తెలుపు, నలుపు.

అతను పేటలో బోర్డులు రాసుకునే పెయింటరు. రెండు దసరాల కిందట ఇదే నందిగామలో వాళ్ళ పులిని చూసి జనం నవ్వారు. "గడపకి పసుపు రాసి బొట్లు పెట్టినట్టుందయ్యా మీ పులి" అన్నారు. ఆ మాట అతని ఒంట్లో ముల్లులా ఉండిపోయింది. పోయినేడు రజాకార్ల గొడవల్లో, సరిహద్దు ఊరు గనక, పేటలో పులివేషాలే కట్టలేదు. ఆ ఖాళీలో బసవయ్య పిచ్చి పట్టినట్టు ప్రయోగాలు చేశాడు.

పాత పద్ధతిలో వార్నీషు రంగు పూసేవాళ్ళు. పసుపొక చోట, తెలుపొక చోట, మధ్య నల్లగీత. అసలు పులికి గీత ఎక్కడుంది? వీపు మీది ఎరుపు పసుపులోకి దిగుతుంది, ఆ పసుపు పొట్ట తెలుపులో కరిగిపోతుంది. ఎక్కడ కరిగిందో కంటికి దొరకదు. వార్నీషు అలా కరగదు. అందుకని నాటకాలవాళ్ళు మొహానికి పూసే అర్దళం, ఆ పసుప్పచ్చని రాతిపొడి తెచ్చి, తుమ్మజిగురు నీళ్ళలో నూరాడు. తెలుపుకి సఫేదా, పెయింటర్లు వాడే తెల్లపొడి. తడి అరచేత్తో ఒకదాన్ని ఇంకోదానిలోకి లాగడం నేర్చుకున్నాడు. ఆరీ ఆరకుండా ఎండు బీరపీచుతో అద్దితే నున్నటి మనిషి తోలు మీద బొచ్చు లేచినట్టు గరుకు వస్తుందని కనిపెట్టాడు. ఇదంతా తన ఎడమ ముంజేతి మీదే. వేసి, కడిగి, మళ్ళీ వేసి. ఒక్కనాడూ చిన్న దురద కూడా పుట్టలేదు.

మరి ఇవాళ?

బీరపీచు గీరుకుందా? పీచు వీపు మీద కూడా అద్దాడు. వీపు శుభ్రంగా ఉంది. అర్దళం విషమా? నడుం నుంచి మెడ దాకా పసుపే, అక్కడేమీ లేదు. సఫేదా చెడ్డదా? పొట్ట నడిమధ్య తెల్లగా, చల్లగా ఉంది. డొక్కల దగ్గర, బుగ్గల అంచుల్లో, లోతొడల పక్కన మాత్రం పట్టీలు పట్టీలుగా కాలింది. పసుపులో లేని మంట, తెలుపులో లేని మంట, రెండూ కలిసినచోట ఎక్కణ్ణించి వచ్చింది? తను నెలల తరబడి కష్టపడి కరిగించిన ఆ చోటే!

'నా పనితనమే వీణ్ణి కాల్చిందా?' అనుకున్నాడు. మళ్ళీ 'అలాగైతే నా చెయ్యెందుకు కాల్లేదు?' అనుకున్నాడు. రెండు ప్రశ్నలూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నాయి.

"తప్పుకోండి! ఎక్కడ? ఏడీ ఆయన?"

పున్నమ్మ జనాన్ని చీల్చుకుని వచ్చింది. రత్తయ్య భార్య. మొగుడి ఆట చూడాలని పొద్దున బస్సులో వాళ్ళతో పాటే వచ్చింది. పొట్ట చూసి ఒక్క క్షణం ఆగి, మూలనున్న బిందె అందుకుంది.

"ఆగమ్మా! సాయంత్రం దాకా రంగు కడక్కూడదు. అమ్మవారికి మొక్కుకున్న వేషం," అన్నాడు మూర్తి.

"కడక్కూడదా? మనిషి పోయాక ఆ రంగు మీ కొట్లో ఆరేసుకుంటారా?" అంది. అని బిందె వంచేసింది.

నీళ్ళు పడగానే గోడౌన్‌లో గుప్పుమని వాసన లేచింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. బసవయ్యకి ఇది బజార్లో కూడా తగిలింది. పక్కనున్న మురికికాలవ అనుకున్నాడు.

తలుపు దగ్గర కూర్చున్న మంగలి కనకయ్య ముక్కు ఎగబీల్చి లేచాడు. అతనిది నైజాం వైపు ఊరు. గొడవల్లో సరిహద్దు దాటి వచ్చి పేటలోనే ఉండిపోయాడు. పొద్దున పులులిద్దరికీ ఒళ్ళంతా క్షవరం చేసింది అతనే. వచ్చి రత్తయ్య పక్కన కూర్చుని, కాలిన పట్టీ అంచున వేలు పెట్టి మెల్లగా రాశాడు.

"బసవన్నా, గిటు రా. నేను గీసినంక చెయ్యి పెడితే జర గరుకు తగలాలె. వీపు మీద తగుల్తుంది చూడు. గీడ లేదు. పసిపోరని చెంపలెక్క ఉంది. నా కత్తికి గంత నున్నగ రాదు."

"అంటే?"

"పట్నంల హమామ్‌ల, గదే తానాల ఇంట్ల, పనిచేసినప్పుడు చూసిన. నూరా అంటరు. బొచ్చు రాలెతందుకు పూసే మందు. పూసి, రెండు పాటలు పాడుకునే లోపల కడగాలె. కడగకపోతే బొచ్చుతోని తోలు గూడ పోతది. వాసన గూడ గిదే. నీళ్ళు పొయ్యి చెల్లే, ఇంకా పొయ్యి. మస్తుగ పొయ్యి."

"ఏం వేస్తారందులో?"

"హర్తాళ్. మీరు అర్దళం అంటరు గదా, గదే. దాంట్ల సున్నం కలుపుతరు."

"నా రంగుల్లో సున్నమెక్కడిది? తెలుపు సఫేదా," అన్నాడు బసవయ్య.

అన్నాడే గానీ చూపు తన ముంజేతి మీదికి పోయింది. అది అతని అలవాటు. రంగు నూరగానే ప్రతి డొక్కులోంచి ఒక్కో గీత తన చేతి మీద గీసుకుంటాడు. పొద్దున గీసిన నాలుగు గీతలూ ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో తెల్లగీతని చూశాడు. డొక్కులో తెలుపుని చూశాడు. మళ్ళీ గీతని చూశాడు.

గీత కొంచెం మసకగా, బూడిద పడ్డ పాలలా ఉంది. యుద్ధం తర్వాత దొరికే సఫేదా అలాగే ఉంటోంది. డొక్కులోది మాత్రం మల్లెపువ్వు.

బసవయ్య తెలుపు తీసి మణికట్టు మీద పూశాడు. పక్కనే పసుపు పూశాడు. అరచెయ్యి తడిచేసి ఒకదాన్ని ఇంకోదానిలోకి లాగాడు. చక్కగా కరిగింది, ఎప్పటికన్నా చక్కగా. చూస్తూ కూర్చున్నాడు. మొదట చురచుర. తర్వాత చీమలు కుట్టినట్టు. ఆ తర్వాత నిప్పుకణం పెట్టినట్టు. దాంతోపాటే సన్నగా ఆ కుళ్ళు వాసన. బిందెలో చెయ్యి ముంచేశాడు.

అంటే తను గీత గీసుకున్నాక, పులికి రంగెయ్యకముందు, ఎవరో డొక్కులో సున్నం కలిపారు.

మరి బాలస్వామికి ఎందుకు కాల్లేదు? ఆలోచన ముడి విడినట్టు విడింది. రత్తయ్యకి కరిగించి అద్దేసరికే పొద్దెక్కిపోయింది. బాలస్వామికి టైము చాలక పాత పద్ధతిలో వేశాడు. తెలుపుకీ పసుపుకీ మధ్య బొటనవేలంత నల్లగీత. రెండూ ఒకదాన్నొకటి తాకనే లేదు!

రత్తయ్య వేలు గుర్తొచ్చింది. అది బాలస్వామిని చూపించలేదు. బాలస్వామి పొట్టని చూపించింది. రెండో చేత్తో తుడవమన్నాడు. వీడికి కూడా కాలుతుంది, తుడిచెయ్యండి అన్నాడు.

కాలింది అంచుల్లో అయితే తెల్లటి పొట్టనే తుడవమన్నాడంటే, తెలుపులో ఏముందో అతనికి ముందే తెలియాలి కదా?

"కనకయ్యా, పొద్దున నేనూ మూర్తిగారూ టిఫిను తినడానికి వెళ్ళినప్పుడు ఇక్కడెవరున్నారు?"

"నేను బయట వేపచెట్టు కింద బాలస్వామికి గీస్తున్న. మీరొచ్చేదాక ఆడు నా మోకాళ్ళ మధ్యనే ఉన్నడు, యాడికి పోతడు?"

"లోపల?"

కనకయ్య తల తిప్పాడు. కళ్ళు కింద పడుకున్న మనిషి మీద వాలాయి.

కాదు, అనుకుంది బసవయ్య మనసు. ఎవడన్నా తన ఒంటికి తనే నిప్పు పెట్టుకుంటాడా?

పున్నమ్మ పొడిగుడ్డ కోసం మొగుడి మూట విప్పింది. పంచె దులిపేసరికి అందులోంచి చిన్న రేకుడబ్బా జారి దొర్లింది. మూత ఊడింది. లోపల అడుగున తెల్లటి మీగడలాంటిది.

"ఇదేంటి? ఆకులోకి నా సున్నం కాయ నా బొడ్లోనే ఉందే," అందామె. "ఇది బట్టీ సున్నంలా ఉంది. తెల్లారగట్ట బట్టీ దాకా వెళ్ళొస్తానన్నాడు. పండగ పూట పనేంటయ్యా అన్నా. నవ్వి ఊరుకున్నాడు."

రత్తయ్య పేట సున్నపు బట్టీలో పనివాడు. పేట రాయి కాల్చిన సున్నానికి మించిన తెలుపు భూమ్మీద లేదని పదిమందిలో చెప్పుకునేవాడు. పొద్దున బసవయ్య సఫేదా నూరుతుంటే ఎప్పట్లాగే మొహం చిట్లించాడు కూడా. "ఇదేం తెలుపు బసవయ్యా, పొయ్యిలో బూడిదలాగుంది. నందిగామోళ్ళు మళ్ళీ నవ్వుతారు." పనిలో ఉండి బసవయ్య వినీ విననట్టు ఊరుకున్నాడు.

కుళ్ళబెట్టిన పాత సున్నం. చేతులతో పిసికేది, తమలపాకులో వేసుకుని నమిలేది. నోట్లో వేసుకునేది ఒంటికేం చేస్తుందని అనుకుని ఉంటాడు. అర్దళం సంగతి అతనికేం తెలుసు? తమలపాకు తినే పేటవాడెవడైనా అదే అనుకునేవాడు.

బసవయ్య రత్తయ్య కళ్ళలోకి చూశాడు. రత్తయ్య చూపు తిప్పుకున్నాడు.

బయట అరుపులు పెరిగాయి. "ఎస్సైగారొస్తున్నారు!" "లేపండ్రా వాణ్ణి!"

బసవయ్య డబ్బా పంచెలో చుట్టి పరుగెత్తాడు. వేపచెట్టు కింద బాలస్వామిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. పెదవి చిట్లింది. నల్లచారల మీద ఎర్రగా నెత్తురు.

"వదలండయ్యా! వీడు కాదు! డొక్కులో సున్నం కలిసింది. అది అర్దళంతో కలిస్తే కాలుస్తుంది. ఇదిగో, నా చెయ్యి చూడండి. ఆ టైములో వీడు కనకయ్య కత్తి కింద ఉన్నాడు."

మూర్తి ఆ చెయ్యి చూశాడు. ఎర్రటి పట్టీ. "సరే, కాదనుకుందాం. మరి కలిపిందెవరు?"

బసవయ్య పంచెలోని డబ్బాని గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వా?"

"కాదండి."

"నందిగామ పులులవాళ్ళా?"

"కాదండి."

"తెలుసంటావు, చెప్పనంటావు. ఎవణ్ణి కాస్తున్నావయ్యా? పేరు చెప్పు. లేకపోతే వీడు స్టేషన్‌కే."

చెప్తే ఏమవుతుందో బసవయ్యకి తెలుసు. తన రంగు తనే పాడుచేసుకున్న పులి అని పేట నుంచి బెజవాడ దాకా నవ్వుకుంటారు. రత్తయ్యకి బట్టీలో పనుంది గానీ పేరు లేదు. ఏడాదికొకసారి, ఈ ఒక్క రోజే అతను రత్తయ్య. చెప్పకపోతే లూర్దమ్మ గడప ముందు ఏ మొహంతో నిలబడాలి? బాలస్వామి తనవైపే చూస్తున్నాడు.

"రత్త..." అన్నాడు బసవయ్య. అంతకన్నా రాలేదు.

జనం కదిలారు. గోడౌన్ గుమ్మంలో పున్నమ్మ భుజం పట్టుకుని పులి నిలబడి ఉంది. సగం ఒంటి రంగు కడిగేసి ఉంది, సగం ఇంకా పులే. మొహం మీద చారలు చెక్కుచెదరలేదు. అడుగు తీసి అడుగు వేస్తూ వేపచెట్టు దాకా వచ్చాడు. వంగి బాలస్వామి కట్లు విప్పబోయాడు. వేళ్ళు ఆడలేదు.

"మాట్లాడొద్దు మావా," అన్నాడు బాలస్వామి గబగబా. "నీకు మళ్ళీ రంగెయ్యరు. మాట్లాడొద్దు."

రత్తయ్య లేచి నిలబడి బజారంతా చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. పొద్దుట్నించి వాడని గొంతు జీరగా వచ్చింది.

"ఈ పిల్లోణ్ణి వదలండి. డొక్కులో సున్నం కలిపింది రత్తయ్య. పేట సున్నపు బట్టీ రత్తయ్య."